ఏటీవీకి క్లచ్ వైరు తీసి హైడ్రాలిక్ పెట్టేవాళ్లకి

కోనసీమలో ఏటీవీ (మట్టిలోనూ ఇసుకలోనూ తిరిగే నాలుగు చక్రాల బండి) క్లచ్ వైరుకి ఉప్పుగాలీ ఒండ్రుబురదా రెండూ శత్రువులే. అంతర్వేది, ఓడలరేవు ఇసుకలో తిరిగే బండైనా, రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే బండైనా ముందు వైరు తొడుగు చివర రబ్బరు చిరుగుతుంది. అక్కణ్ణించి బురదనీరు లోపలికి దిగి, పోగులు తుప్పు పట్టి ఒక్కొక్కటే తెగుతాయి. లివరు రోజురోజుకీ గట్టిపడుతుంది. వైరు బదులు గొట్టంలోని ఆయిల్ ఒత్తిడితో క్లచ్ లాగే హైడ్రాలిక్ పెడితే ఆ రాపిడి పోతుంది. క్లచ్ స్ప్రింగుల బలం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి, లివరు దూదిలా అయిపోతుందని ఆశపడి డబ్బు పెట్టకండి.

ఇది రాప్టర్ 700, వైఎఫ్‌జెడ్ 450ఆర్ లాంటి చేతి క్లచ్ బండ్లకే పనికొస్తుంది. బెల్టుతో నడిచే, గేర్లు వాటంతటవే మారే సీవీటీ ఏటీవీలకి అసలు క్లచ్ లివరే ఉండదు.

పాత వైరు విప్పే ముందే ఒక కొలత తీసుకోవాలి. ఇంజను దగ్గర క్లచ్ ఆర్మ్ పక్కన వైరు మీద మార్కరుతో గీత పెట్టి, లివరు పూర్తిగా నొక్కి, గీత ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. అది 10 మి.మీ. అనుకుందాం. పైన లివరు దగ్గర ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ పిస్టన్ 10 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. నడక (జరిగే దూరం) అయితే, ఒక నొక్కుకి సుమారు 942 ఘన మి.మీ. ఆయిల్ తోస్తుంది. ఆర్మ్ 10 మి.మీ. కదలాలంటే కింద ఇంజను దగ్గర ఆ ఆయిల్‌తో ఆర్మ్‌ని లాగే స్లేవ్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 94 చదరపు మి.మీ. ఉండాలి, అంటే దాదాపు 11 మి.మీ. వ్యాసం. చేతికి దొరికిందని 14 మి.మీ. స్లేవ్ బిగిస్తే ఆర్మ్ 6 మి.మీ. మాత్రమే కదులుతుంది. ప్లేట్లు పూర్తిగా విడవవు, న్యూట్రల్ పడదు. 9 మి.మీ. వేస్తే దాదాపు 15 మి.మీ. లాగుతుంది, లివరు రాయిలా ఉంటుంది. స్లేవ్‌లో ఆయిల్ రాడ్డు ఉన్న వైపు నిండే రకమైతే రాడ్డు అడ్డుకోత వైశాల్యాన్ని పిస్టన్ వైశాల్యంలోంచి తీసేయాలి. మగూరా హైమెక్ లాంటి కిట్టు మీ మోడలుకే చేసింది దొరికితే ఈ లెక్కలు అక్కర్లేదు. విడి భాగాలు కూర్చేవాళ్లు మాత్రం దీన్ని దాటవేయకూడదు.

స్లేవ్ బ్రాకెట్ లేత్ షాపులో చేయిస్తే 5 మి.మీ. ఇనుప పట్టీ చాలు. లివరు సగం నొక్కినప్పుడు ఆర్మ్‌కీ రాడ్డుకీ మధ్య 90 డిగ్రీలు రావాలి. వంకరగా లాగితే ముందు సీలు పోతుంది. గొట్టాన్ని సిలిండర్‌కి బిగించే బాంజో బోల్టులో మరలు రెండు రకాలు: బ్రెంబో కంపెనీ సిలిండర్లకి 1.0 మి.మీ. పిచ్ (మరల మధ్య దూరం), నిస్సిన్ కంపెనీవాటికి 1.25. రెండూ 10 మి.మీ. బోల్టులే కాబట్టి కంటికి తేడా తెలియదు. ఒకదాంట్లో ఇంకొకటి బలవంతంగా తిప్పారంటే అల్యూమినియం మర చెడిపోయినట్టే. రాగి వాషర్లు కొత్తవే వాడండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, సైలెన్సర్ పైపుకి తగలకుండా గొట్టం నడిపించండి.

చాలామంది మరిచిపోయేది పార్కింగ్ బ్రేకు. ఈ బండ్లలో అది పాత క్లచ్ లివరుని హ్యాండిల్‌కి బిగించే పట్టుతోనే కలిసి ఉంటుంది. దాన్ని విప్పేస్తే ఏటిగట్టు వాలులో నిలిపిన బండిని పట్టి ఉంచే బ్రేకు ఉండదు. పంటు (ఏరు దాటించే పడవ) మీద బండి ఎక్కించేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. పార్కింగ్ బ్రేకుకి వేరే లివరు పెట్టుకోండి. క్లచ్ స్విచ్ కూడా కొత్త పట్టుకి మార్చాలి, లేకపోతే గేరులో ఉండగా సెల్ఫ్ కొట్టదు.

ఆయిల్ దగ్గర పొరపాటుకి క్షమాపణ లేదు. మగూరా హైమెక్‌కి మినరల్ ఆయిల్ మాత్రమే. అందులో డాట్ 4 (మామూలు బ్రేకు ఆయిల్) పోస్తే సీళ్లు పాడవుతాయి. డాట్ 4 సిలిండర్‌లో మినరల్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి బిగుసుకుంటాయి. మూత మీద రాసింది చదివి పోయండి. డాట్ 4 గాలిలో తేమ పీలుస్తుంది. మన చెమ్మకి ఏడాదికోసారి మార్చడం మంచిది.

గాలి తీసేటప్పుడు పైనుంచి లివరు కొట్టడం దండగ, బుడగ పైకే పోతుంది. సిరంజితో స్లేవ్ నిపిల్ (గాలి తీసే చిన్న మర) దగ్గర కింది నుంచి మెల్లగా ఆయిల్ ఎక్కించండి. మాస్టర్ అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా హ్యాండిల్ తిప్పి పెట్టుకుని, గొట్టాన్ని వేలితో తడుతూ ఉంటే బుడగలు మాస్టర్ మీదున్న ఆయిల్ డబ్బాలోకి వచ్చేస్తాయి. డబ్బా అంచు దాకా నింపకండి, 5 మి.మీ. వదలండి. బ్రేకుకి ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ దిగుతుంది కానీ, క్లచ్‌కి ప్లేట్లు అరిగేకొద్దీ ఆయిల్ పైకి వస్తుంది. చోటు లేకపోతే లోపల ఒత్తిడి నిలిచి క్లచ్ జారుతుంది.

లివరు దగ్గర 1–2 మి.మీ. ఆట (వదులు) తప్పకుండా ఉంచండి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, డబ్బాలోకి వెళ్లే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. ఇంజను వేడెక్కి ఆయిల్ వ్యాకోచించగానే బండి లాగదు. మెకానిక్ ప్లేట్లు మార్చమంటాడు. ఈ ఆట చూడకుండా ప్లేట్లు కొనకండి.

అంతా బిగించాక 20 నిమిషాలు నడిపి, వేడి మీద గేర్లు, న్యూట్రల్ చూడండి. మర్నాడు పొద్దున్న వాషర్ల దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూడండి. పాత వైరు బాగుంటే గ్రీజు పూసి, లివరుతో సహా వెంట ఉంచుకోండి. లంకలో సీలు పోతే అక్కడ మినరల్ ఆయిల్ దొరకదు.