బిస్కెట్టూ బోరూ

కళ్యాణదుర్గం పక్కన మా పల్లెలో నన్ను లండన్ డాక్టరంటారు. నేనుండేది లండన్ కాదు, అక్కడికి రైల్లో గంటన్నర. డాక్టరునూ కాదు, లెక్కల్లో పీహెచ్‌డీ చేసినవాణ్ణి. మొదట్లో రెండూ సరిచేసేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా మోకాలు చూపించి మాత్ర అడిగితే తప్ప నోరు మెదపను.

డిగ్రీ అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో, ఎమ్మెస్సీ అక్కడే ఎస్కేయూలో, అంటే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో. అక్కడ ఉష్ణ సమీకరణం చదివాం. ఒక ఇనుప కడ్డీ, రెండు చివర్లూ సున్నా డిగ్రీల దగ్గర ఉంచారు, మధ్యలో వేడి ఎలా పాకుతుంది? ఇదీ ప్రశ్న. ఆ కడ్డీని మాలో ఎవరూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. అనంతపురంలో మే నెలలో రెండు చివర్లూ సున్నా డిగ్రీలేంట్రా అని ఒకడు వెనక బెంచీలో గొణిగాడు, అంతే. సాధన మొత్తం బట్టీపట్టి పరీక్షలో దింపేశాం. నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ కడ్డీ మీదే నా బతుకంతా నడుస్తుందని అప్పుడెవరైనా చెప్పివుంటే నవ్వేవాణ్ణి.

ఇంగ్లండ్‌లో నాకు కళ్ళు తెరిపించింది క్లాసులు కావు, ఒక బిస్కెట్ల కంపెనీ. అక్కడొక ఆచారం ఉంది. 1968లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది, స్టడీ గ్రూప్ అంటారు. సోమవారం పొద్దున కంపెనీల వాళ్ళు వచ్చి తమకు కొరుకుడు పడని సమస్యలు చెప్తారు. గణితం వాళ్ళు ఎవరికి నచ్చిన గదిలోకి వాళ్ళు పోయి కూర్చుంటారు. శుక్రవారానికి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ప్రొఫెసరూ విద్యార్థీ తేడా ఉండదు, సుద్దముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే మాట. నేను పీహెచ్‌డీ రెండో ఏడు అలాంటి వారానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే భోజనం ఉచితమని వెళ్ళాను.

బిస్కెట్ల ఆవిడ సమస్య ఇది. ఓవెన్‌లోంచి బయటికి వచ్చినప్పుడు బిస్కెట్టు బాగానే ఉంటుంది. ప్యాకెట్‌లో పెట్టాక, ఒక్కోసారి మర్నాటికి, దానంతటదే పగులుతుంది. ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. నేను నా పాండిత్యం చూపించి, మీ సరిహద్దు నిబంధనలేమిటి, అంటే అంచు దగ్గర ఏం జరుగుతుంది అని అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, "అంచు ముందు ఆరిపోతుంది బాబూ, మధ్యలో తడి ఉంటుంది" అన్న అర్థం వచ్చేట్టు ఏదో చెప్పింది.

అంతే, నాకు మా అమ్మ అప్పడాలు గుర్తొచ్చాయి. అమ్మ అప్పడాలను నీడన ఆరబెట్టేది. తొందరపడి ఎండలో పరిస్తే అంచులు ముందు బిగుసుకుపోయి, లేచి, పగిలేవి. చిన్నప్పుడు కాకులు తోలే డ్యూటీ నాదే కాబట్టి బాగా తెలుసు. బిస్కెట్టులో జరిగేది దానికి తలకిందులు. ఆరిన అంచు మధ్యలోని తడిని మెల్లగా పీల్చుకుని ఉబ్బుతుంది, మధ్యభాగం తడి పోగొట్టుకుని కుంచించుకుంటుంది. ఒకటి లాగుతుంటే ఇంకొకటి నెడుతుంది, పగులుతుంది. ఆ తడి పాకే తీరుకు సమీకరణం రాసి చూస్తే ఏముంది, ఎస్కేయూలోని ఇనుప కడ్డీ! వేడికి బదులు తడి, అంతే తేడా. దాన్నే వ్యాపన సమీకరణం అంటారు, డిఫ్యూజన్. అందులో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగింతలు. బిస్కెట్టు వెడల్పు రెట్టింపు చేస్తే లోపలి తడి సర్దుకోవడానికి నాలుగింతల టైము. శుక్రవారం ఆ లెక్క బోర్డు మీద వేస్తే ఆవిడ నోట్సు రాసుకుంది. నేను బోర్డు మీద రాసింది ఒకరు పని కోసం రాసుకోవడం అదే మొదటిసారి.

తర్వాతి కథ చాలామంది ప్రవాసులదే, పొడుగు లాగను. రెండేళ్ళ కాంట్రాక్టు, మళ్ళీ మూడేళ్ళది, మళ్ళీ ఏడాదిది. ప్రతిసారీ వీసా, ప్రతిసారీ ఊరు మారడం, ప్రతిసారీ అట్టపెట్టెల్లో సర్దిన కుక్కరు. పర్మినెంటు ఉద్యోగం వచ్చేసరికి జుట్టు సగం పోయింది. ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకాయన నా పేపర్లు తిరగేసి, "ఇందులో కొత్త గణితం ఏముంది?" అన్నాడు. ఇంకోచోట ఇంజనీర్లు, ఇది మరీ గణితంగా ఉంది అన్నారు. మా నాయన భాషలో అటు చేనుకూ కాకుండా ఇటు గట్టుకూ కాకుండా ఉండటమంటే ఇదే. తమాషా ఏమిటంటే 2014లో బ్రిటన్ యూనివర్సిటీల పరిశోధనకు మార్కులు వేసినప్పుడు, యూనివర్సిటీ గోడల బయట ఎవరికైనా ఉపయోగపడిందా అన్నదానికి 20 శాతం పెట్టారు. ఆ తర్వాతి లెక్కలో, 2021లో, 25 శాతం. అప్పటిదాకా కారిడార్‌లో నన్ను చూసి చూడనట్టు పోయినవాళ్ళు కాఫీకి పిలిచి, నీ దగ్గర ఏదైనా ఇంపాక్ట్ ఉందా అని అడగడం మొదలుపెట్టారు.

కొత్త గణితం ఏముంది అన్న మాట మీద నాకు చాలా రోజులు మంట ఉండేది. అది చల్లారింది థైస్ సంగతి చదివాక. చార్లెస్ థైస్ అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసినవాడు. బావిలో మోటారు నడుస్తుంటే చుట్టుపక్కల నీటిమట్టం కాలంతోపాటు ఎలా దిగుతుందో ఆయనకు కావాలి. నేలలో నీరు పాకడం లోహంలో వేడి పాకినట్టే ఉంటుందని ఊహించాడు కానీ లెక్క తెగలేదు. క్లారెన్స్ లూబిన్ అనే గణితం స్నేహితుడికి ఉత్తరం రాశాడు. లూబిన్ వేడి లెక్కల్లోంచి జవాబు తీసి పంపాడు. 1935లో పేపర్ వేస్తూ పక్కన నీ పేరూ పెడతానంటే, గణితపరంగా ఇందులో గొప్పేమీ లేదని లూబిన్ వద్దన్నాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ బోరు పరీక్ష చేసినా ముందు గుర్తొచ్చేది ఆ సమీకరణమే. లూబిన్ పేరు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ఆయన మీద నాకు జాలీ ఉంది, కొంచెం కోపమూ ఉంది.

ఇక మా ఊరు. మా నాయనకు మూడు బోర్లు. రెండు ఎండిపోయాయి. వాటితోపాటే చీనీ తోట పోయింది, కొట్టి కట్టెలకు అమ్మేశాం. మూడోది అరకొరగా పోస్తుంటే, గట్టు అవతల మా చిన్నాయన కొత్త బోరు వేశాడు, రెండించుల నీళ్ళు పడ్డాయి. నెల తిరక్కుండానే మాది ఆగిపోయింది. నీ బోరు మా నీళ్ళు తాగుతోందని వీళ్ళు, భూమిలో ఏముండాదో నువ్వు చూసినావా అని వాళ్ళు. అన్నదమ్ములు పలకరింపులు మానేశారు. నాయన ఫోన్‌లో అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "అప్పు పుట్టింది. నాలుగో బోరు ఎయ్యాల. నువ్వు లెక్కల్లో అంత సదివినావు గదా, యాడ ఎయ్యాల్నో చెప్పు సామీ."

నేను చెప్పలేను. థైస్ సమీకరణం నేల అంతటా ఒకే తీరుగా, అంతులేకుండా పరుచుకుని ఉందనుకుని రాసింది. మా కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళుండేది దాని పగుళ్ళలో. పగులు ఎటు పోతుందో ఏ సమీకరణమూ చెప్పదు. ఇంగ్లండ్‌లో వాన గురించి ఎవరైనా మొదలుపెడితే నేను ఒక లెక్క చెప్తుంటాను: లండన్‌లో ఏడాదికి పడేది సుమారు 600 మిల్లీమీటర్లు, అనంతపురంలో సుమారు 550. నమ్మరు. అక్కడ ఏడాది పొడుగునా చినుకు చినుకుగా పడేది ఇక్కడ కొన్నాళ్ళలో పడిపోతుంది, మిగతా నెలలు ఎండ వసూలు చేసుకుంటుంది. ఆ లెక్క చెప్పి అందరినీ ఆశ్చర్యపరచడం వేరు, నాయనకు బోరు చోటు చెప్పడం వేరు.

జూన్ చివర్లో సెలవు పెట్టి వచ్చాను. చేను దున్ని, శనక్కాయ విత్తనానికి పదును కోసం అందరూ ఆకాశం చూస్తున్నారు. అమ్మతో రాయబారం నడిపించి చిన్నాయనను ఒప్పించాను, ఒక్కరోజు మోటారు మేం చెప్పిన టైముకు వేయమని. స్టీలు గ్లాసు అడుగున చిల్లు పెట్టి, బోర్లించి, నట్లు కట్టి బరువు చేసి తాడుకు వేలాడదీశాను. మా ఆగిపోయిన బోరులో వదిలితే నీళ్ళకు తగిలినప్పుడు టప్ మంటుంది, తాడు మీద అడుగులు గుర్తుపెట్టుకుంటే మట్టం తెలుస్తుంది. వేల పౌండ్ల సెన్సర్లతో పనిచేసినవాణ్ణి, ఆ టప్ విన్నంత సంతోషం ఎప్పుడూ లేదు.

చిన్నాయన మోటారు వేశాడు. రెండు నిమిషాలకు, నాలుగు నిమిషాలకు, ఎనిమిదికి, అలా కొలుచుకుంటూ పోయాను. గంట దాకా, సమయం రెట్టింపైనప్పుడల్లా మట్టం అడుగు చొప్పున దిగింది. పుస్తకంలో ఉన్నట్టే. గట్టి రాతి పగుళ్ళలో నిలవ తక్కువ కాబట్టి ఒకచోట తోడితే దెబ్బ చాలా త్వరగా పక్కకు తగులుతుంది. చిన్నాయన కూడా వచ్చి గట్టు మీద కూర్చుని, ఇంకెంత దిగిందిరా అని అడగడం మొదలుపెట్టాడు. రెండు గంటలు దాటాక రెట్టింపుకు రెండడుగులు. నాలుగు గంటలు దాటాక అంతకంటే ఎక్కువ.

అడుగు చొప్పున దిగేది రెండడుగులయిందంటే, నీళ్ళు లాగే దారిలో నీళ్ళు వదలని రాయి గోడలా అడ్డమొచ్చిందని అర్థం. ఇంకా పెరిగిందంటే ఇంకో గోడ. గ్లాసూ తాడూ పరీక్షను పట్టుకుని ప్రమాణం చేయను, నాలుగంగుళాలు అటూ ఇటూ అయివుండొచ్చు. కానీ తీరు మాత్రం స్పష్టంగా ఉంది. లెక్కల నోటుబుక్కులో గీసి ఇద్దరికీ చూపించి చెప్పాను: "ఇది ఏరు కాదు చిన్నాయనా, తొట్టి. ఇద్దరూ ఒకే తొట్టిలో స్ట్రాలు పెట్టుకోని ఉండారు. ఇంకోటి ఏసినా అదే తొట్టి."

నాయన చాలాసేపు గీత వైపు చూశాడు. "నీళ్ళు లేవని చెప్పేదానికి ఇంగ్లండ్ దాకా పోయి సదవాల్నా?" అన్నాడు. చిన్నాయన నవ్వాడు. వాళ్ళిద్దరూ ఒకే మాటకు ఒకచోట ఉండటం ఏడాది తర్వాత అదే.

నాలుగో బోరు వేయలేదు. అప్పు తీసుకోలేదు. అదొక్కటే నా లెక్క సాధించింది. రోజు మార్చి రోజు మోటారు వేసుకుందామన్న ఒప్పందం ఒక పంటకాలం నిలబడి తర్వాత చెడింది, మళ్ళీ కుదిరింది. దీని మీద పేపర్ రాయలేదు. రాస్తే కొత్త గణితం ఏముంది అంటారు, ఈసారి వాళ్ళ మాట నిజమే. సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి: 2000ల్లో అనంతపురం, కర్నూలు, కడపలతో సహా ఏడు జిల్లాల్లో రైతులే బోర్ల మట్టాలు కొలిచి, వాన కొలిచి, ఉన్న నీళ్ళకు ఏ పంట ఎంత వేయాలో లెక్క వేసుకునే పథకం నడిచింది. మా ఊరి దాకా రాలేదు. ఆ ఏళ్ళలోనే నేను ఇంగ్లండ్‌లో బిస్కెట్లు చూస్తున్నాను.

గ్లాసు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే నాయన ముందు ఆరోగ్యం చెప్పడు, పాల లెక్క పుస్తకం తెరిచి మట్టం చదువుతాడు. పోయిన వారం నూట ఎనభై రెండు అడుగులు, నిన్న నూట డెబ్భై తొమ్మిది. వాన పడిందా అని అడిగాను. "పడలా. మీ చిన్నాయన కూతురింటికి పోయినాడు, మోటారు ఆపినాడు" అన్నాడు. తర్వాత, "తాడు నలిగిపోయింది, వచ్చేటప్పుడు మంచిది తీసుకురా. అక్కడ దొరుకుతుందా?"