ఇంటిపేరు దగ్గర ఆగిన దరఖాస్తు

మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ ఫీజు మొత్తం మా చేతి నుంచే కట్టుకున్నాము. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుకు పెట్టిన రెండున్నర లక్షల ఆదాయ పరిమితిని మా జీతం కాస్త దాటుతుంది కనుక ఇక మనకు ఏ ఉపకారవేతనమూ రాదని నేనే తీర్మానించుకున్నాను. అది తప్పని చిన్నమ్మాయికి సీటు వచ్చాక గాని తెలియలేదు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వారి ప్రగతి పథకం కింద, సాంకేతిక విద్యలో చేరిన ఆడపిల్లలకు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించకపోతే, మార్కుల ప్రాతిపదికన ఎంపిక చేసి ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు; ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు అర్హులే. పెద్దదాని సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తును గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని గంటలో పూర్తి చేశాము. పది రోజుల తరువాత అది కళాశాల పరిశీలనలో ‘డిఫెక్టివ్’ అని తిరిగి వచ్చింది. పదో తరగతి మెమోలో ‘చెరుకూరి’ అని పూర్తి ఇంటిపేరు ఉండగా, ఆధార్‌లో ‘సీహెచ్’ అనే రెండు అక్షరాలే ఉన్నాయి. మన జిల్లాల్లో ఇంటిపేరును పొడి అక్షరాలకు కుదించడం అలవాటే గాని, కంప్యూటర్‌కు ఆ అలవాటు లేదు. మెమో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లి, పేరు సరిచేయించి, దిద్దుబాటు గడువు ముగిసేలోగా మళ్లీ పంపేసరికి నాకు రెండు సెలవులు ఖర్చయ్యాయి. అందుకే ఇంటర్ ఫలితాలు రాకముందే మెమో, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పేరులో ఒక్కొక్క అక్షరమూ సరిపోల్చుకోమని అడిగినవారందరికీ చెబుతున్నాను. సొమ్ము ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోనే పడుతుంది కనుక, ఆ అనుసంధానం ఏ బ్యాంకులో ఉందో కూడా అప్పుడే కనుక్కోవాలి.

బీఎస్సీలో చేరిన మా తమ్ముడి కొడుకు విషయంలో చిక్కు వేరు. కేంద్ర విద్యాశాఖ ఉపకారవేతనానికి 80 పర్సంటైల్ కావాలంటే, వాడు 80 శాతం మార్కులనుకుని ఊరుకున్నాడు. తన బోర్డులో, తన గ్రూపులో ఉత్తీర్ణులైన వారిలో పై ఇరవై శాతంలో ఉండటమని దాని అర్థం. ఆ హద్దు ఏటా మారుతుంది. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000 రూపాయలు ఇస్తారు. అయితే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటు పొందేవారికి ఇది వర్తించదు. ఈ నిబంధన చదవకుండా రెండింటికీ పెట్టేవారు చాలామంది ఉన్నారు. మావాడి కళాశాల ఫీజెంతో చూసి, రెండింటిలో ఏది లాభమో లెక్క వేయమని ఆదివారం కాగితాలన్నీ తెమ్మన్నాను.