ఎండకు నల్లబడిన తెర

బుధవారం, రాత్రి.

మృగశిర కార్తె వచ్చి మూడు రోజులైనా చినుకు పడలేదు. తొమ్మిది గంటలకే అరుగు మీద కాలు మోపలేకపోయాం. ఒకటో తారీఖున వదిలిన నీళ్లు మాత్రం కాలువ నిండా పోతున్నాయి. నాన్న కాలువ నీళ్లు చూసుకునే లస్కరు ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే లొల్ల లాకుల దాకా నడిచి వెళ్లి, నీటి మట్టం చూపే గేజి చూసి వచ్చి తన పుస్తకంలో రాసుకుంటారు.

విమానం నడపడం నేర్పే నాకూ, సెలవులో ఉన్నా, తప్పని పని ఒకటుంది. విమానాల చార్టులు, అంటే పైలట్లు వాడే మ్యాపులు, ప్రపంచమంతటా 28 రోజులకోసారి, గురువారం నాడు మారతాయి. రేపు ఆ గురువారం. కొత్తవన్నీ ట్యాబ్‌లోకి దింపుకోవడానికి పావుగంట పట్టింది. నేను శిక్షణ తీసుకునే రోజుల్లో దీనికి ఒక సాయంత్రమంతా పోయేది: కాగితం చార్టుల ఫైలులోంచి పాత పేజీ తీసి, కొత్తది గుచ్చి, మార్పుల పట్టికలో నమోదు చేసుకోవాలి. ఒక్క పేజీ మరిచిపోయినా ప్రమాదమే. మన రాజమండ్రి మధురపూడి విమానాశ్రయమే ఉంది. రన్‌వే ఒకప్పుడు దాదాపు 1,750 మీటర్లు, పొడిగించాక 3,165. పాత పేజీ నమ్ముకున్నవాడికి సగం రన్‌వే లేనట్టే.

అందుకే ట్యాబ్ అంటే నాకు ఇష్టం. మేం శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172లో ఇద్దరు కూర్చుంటే మోచేతులు తగులుతాయి, అందులో చార్టు మడత విప్పడమే ఒక యుద్ధం. ఇప్పుడు అదంతా అరచేతి వెడల్పు తెరలో సరిపోతుంది. కొనేటప్పుడు మాత్రం సిమ్ పెట్టుకునే రకమే కొనమని మా ఫ్లయింగ్ క్లబ్బు పిల్లలకు చెబుతుంటాను. కొన్ని కంపెనీల ట్యాబ్‌లలో వైఫై మాత్రమే ఉన్న రకానికి జీపీఎస్ ఉండదు. డబ్బు మిగిలిందని సంబరపడి, గాలిలోకి వెళ్లాక మ్యాపు మీద విమానం బొమ్మ కదలక తెల్లబోయినవాళ్లు ఉన్నారు.

కానీ ఏప్రిల్ నాటి ప్రయాణం ఇంకా నన్ను వదల్లేదు. పదకొండు దాటాక నేనూ, నా దగ్గర నేర్చుకునే ఒక కుర్రవాడూ బయలుదేరాం. రన్‌వే దగ్గర మా వంతు కోసం ఇరవై నిమిషాలు ఎండలో ఆగాం. ట్యాబ్‌ను ముందు అద్దానికి అతికించాం, పైగా చార్జరు కూడా తగిలించాం. గాలిలోకి లేచిన పన్నెండు నిమిషాలకు తెర నల్లబడింది. మధ్యలో ఒక థర్మామీటర్ బొమ్మ, చల్లబడేదాకా ఆగమని ఒక వాక్యం. కుర్రవాడి చేయి ముందుకు వెళ్లి తెరను తట్టింది. మళ్లీ తట్టింది. ఆ రెండు తట్లకే విమానం ముక్కు లేచి వేగం పడిపోయింది. "బయట చూడు" అన్నాను. ముక్కు దించాడు. వెనక సంచిలోంచి కాగితం చార్టు తీసి ఇచ్చాను. విప్పాడు గానీ, వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరి ఊరు ఎప్పుడు దాటామో ఎక్కడా రాసుకోలేదు మరి. తప్పు వాడిది కాదు, రాయమని నేను పట్టుబట్టలేదు.

ఈ పరికరాలను 35 డిగ్రీల లోపు వాడమని చేసినవాళ్లే చెబుతారు. లోపల ఫ్యాను ఉండదు. వేడి వెనక రేకు గుండానే బయటికి పోవాలి. ఈ మధ్యాహ్నం కారు అద్దం వెనక పెట్టి చూశాను. మ్యాపు నడుస్తూ, వెలుతురు పూర్తిగా పెంచి, చార్జరు లేకుండా పెడితే పదిహేడు నిమిషాలకు ఆరిపోయింది. పైకి వెళ్లే కొద్దీ వెయ్యి అడుగులకు దాదాపు రెండు డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి, ఆరువేల అడుగుల్లో ఇంత బాధ ఉండదు. బాధంతా నేల మీదా, లేచిన మొదటి పావుగంటలోనూ. ఇకపై ట్యాబ్ అద్దానికి కాదు, ఒడిలోనే, నీడలోనే. చార్జరు పైకి వెళ్లాకే.

నాన్న అరుగు మీదికి వచ్చి అడిగారు. "ఏమ్మా, అది ఆరిపోతే ఎక్కడున్నావో ఎలా తెలుస్తుంది?"

"సంచిలో కాగితం ఉంటుంది నాన్నా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత 1986 వరద సంగతి చెప్పారు. ఫోను లైను తెగిపోతే గేజి అంకె చీటీ మీద రాసి సైకిలు మీద పంపేవారట. "చీటీ పంపాలంటే అంకె ముందే పుస్తకంలో ఉండాలి కదా. లైను తెగాక వెతుక్కుంటే రాత్రి నీళ్లెంత ఉన్నాయో ఎవరు చెబుతారు?"

ఏప్రిల్‌లో నాకు అందనిది అదే. మా దగ్గర కాగితం ఉంది, దాని మీద ఏమీ లేదు.

రాత్రి భోజనం అయ్యాక తెల్లకాగితాలు సగానికి చించి, తొడకు కట్టుకుని రాసుకునే అట్ట, నీబోర్డు, కొలతకు గీతలు కొట్టాను. గుర్తు, దాటాల్సిన వేళ, దాటిన వేళ, ఎత్తు, మిగిలిన ఇంధనం. పది నిమిషాలకోసారి పెన్సిలుతో నింపాలి. గుర్తు అన్నది తెర మీద చుక్క కాకూడదు, కిటికీలోంచి కంటికి కనబడాలి. ఒకసారి ఈ డెల్టా మీదుగా వెళ్తూ చూశాను: ధవళేశ్వరం ఆనకట్టను మించిన గుర్తు లేదు. 1852లో కాటన్ దొర కట్టించిన చోటే, లంకల మధ్య నాలుగు ముక్కలుగా, నది మీద గీసిన గీతలా ఉంటుంది. ఒక్కసారి చూసినవాడు మరో చోటని పొరబడడు.

రేపు రాజమండ్రి బస్సులో కూర్చుని మొదటి కాగితం నేనే నింపుతాను. బొబ్బర్లంక ఎన్నింటికి, ఆనకట్ట ఎక్కింది ఎన్నింటికి, ధవళేశ్వరం ఎన్నింటికి. నాన్న పెన్సిలు చెక్కి పుస్తకం మీద పెట్టి వెళ్లారు.