బత్తాయి తోట నిలబెట్టుకున్న నా అనుభవం

2015 వానాకాలంలో నల్గొండ జిల్లా గుర్రంపోడు మండలంలోని మా రెండెకరాల చెల్కలో బత్తాయి పెట్టినప్పుడు ప్లాన్‌కేం కొదవ లేదు. ఆరు మీటర్లకో మొక్క, మొత్తం 220, ఐదో ఏట కాపు, ఆ తర్వాత అప్పు లేని ఇల్లు, అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. డ్రిప్ సబ్సిడీలో వచ్చింది, బోరులో నీళ్లున్నాయి, ఇంకేం కావాలనుకుని హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయాను, పదిహేను రోజులకోసారి వచ్చి చూసేవాణ్ణి.

రెండో వేసవి దాటేసరికి 60 మొక్కలు పోయాయి. మోటరు నడుస్తుంటే నీళ్లు పారుతున్నాయనే అనుకున్నాం, తీరా చూస్తే ఉప్పు పేరుకుని డ్రిప్పర్లు సగం మూసుకుపోయాయి. కొన్నింటికి మొదళ్ల దగ్గర బంక కారింది. ఇంకొన్నింట్లో అంటు కింద నుంచి, బత్తాయిని ఏ మొక్క మీద అంటుకట్టారో ఆ రంగపూర్ నిమ్మ కొమ్మలు లేచి పైనున్న బత్తాయిని ఎండబెట్టేశాయి, అవి పచ్చగా కనిపిస్తే మొక్క బాగా ఎదుగుతోందని సంతోషపడ్డాను కూడా. నాయన తిట్టలేదు. "తోట పెట్టినవ్ బిడ్డా, పని పెట్టుకోలే" అన్నాడంతే.

ఉద్యోగం మానేసి వచ్చాను. పోయిన చోట కొత్త మొక్కలు పెట్టి, వంటింటి గోడకు క్యాలెండర్ తగిలించాను. ఆదివారం ఫిల్టర్ కడిగి, పైపుల చివర మూతలు తీసి మురికి వదలాలి. బుధవారం ప్రతి మొదలూ చూసి అంటు కింద చిగుళ్లు గిల్లాలి. వానలకు ముందోసారి, తర్వాతోసారి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లతో బోర్డో పేస్టు చేసి మొదళ్లకు పూయాలి. పని అయితే టిక్కు, కాకపోతే ఎర్ర సున్నా. పెన్ను మాత్రం అమ్మ దగ్గరే ఉంటుంది, నా చేతిలో ఉంటే జ్వరమనో పెళ్లనో నాకు నేనే మాఫీ చేసుకుంటానని ఆమెకు తెలుసు.

పని చేయడం కన్నా ఆగడమే కష్టమైంది. 2018లో పూత వచ్చింది. చెట్టు ఇంకా లేతది, కాయ ఉంచితే కొమ్మలు బలపడవు, కాబట్టి మొత్తం తీసేయాలి. బ్యాంకు కిస్తీ టెన్షన్ నెత్తిన ఉండగా చేతికొచ్చిన పూతను మా చేతులతోనే రాల్చేశాం, ఆ సాయంత్రం ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. కాపు తీసుకునే ఏడు వచ్చాక బెట్ట పెట్టడం ఇంకో పరీక్ష. బోరు నిండా నీళ్లుంచుకుని డిసెంబర్‌లో తోటకు ఆపేయాలి, ఆకులు వాడి ముడుచుకున్నా చూస్తూ ఉండాలి, పక్క చేనువాళ్లు "చంపుతున్నవా ఏంది" అంటున్నా మోటరు జోలికి పోకూడదు. జాలిపడి మధ్యలో తడి ఇస్తే పూత ఒక్కసారిగా రాదు, విడతలు విడతలుగా వచ్చి కోతకు అక్కరకు రాదు. గడువయ్యాక ఎరువులేసి, మొదట తక్కువ తడి ఇచ్చి మెల్లగా పెంచుకుంటూ పోయాం. కొన్నాళ్లకు తోటంతా తెల్లగా పూసింది, ఆ వాసన ఇంటిదాకా వచ్చేది.

2020లో మొదటి కోత, మూడు టన్నులు. ధర పెద్దగా లేదు, కానీ ఒక కిస్తీ పూర్తిగా తోట డబ్బుతోనే కట్టాం. ఆ ఏటి నుంచి కాపు ఆగలేదు, క్యాలెండర్లు మాత్రం ఏటా మారుతున్నాయి.

నిన్న ఆదివారం ఇంటినిండా చుట్టాలు. అయినా ఏడింటికే వెళ్లి ఫిల్టర్ విప్పితే జాలికి గుప్పెడు ఇసుక, నాచు పట్టి ఉన్నాయి. కడిగి బిగించి వచ్చి, టిక్కు పెట్టమని అమ్మకు చెప్పాను.