హబ్బర్డ్ బ్రూక్ అడవి నేలలో ఇనుము, అల్యూమినియం

బోస్టన్ నుంచి ఉత్తరంగా సుమారు రెండు గంటలు కారులో వెళితే న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్ వస్తాయి. అక్టోబరులో మేపుల్ ఆకుల రంగులు చూడటానికి మనవాళ్లు కుటుంబాలతో అటు వెళుతుంటారు. నాకు ఆ చెట్ల కింది నేలను చూడాలని ఉండేది. మట్టి మీద పరిశోధన చేస్తున్న మా పిన్ని కొడుకును వెంటబెట్టుకుని హబ్బర్డ్ బ్రూక్ ప్రయోగాత్మక అరణ్యానికి వెళ్లాను. అమెరికా అటవీ విభాగం 1955లో ప్రత్యేకించిన ఈ అడవిలోనే, 1963లో మొదలుపెట్టి వాననీటిని పరీక్షించిన జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ బృందం ఉత్తర అమెరికాలో ఆమ్లవర్షాన్ని గుర్తించింది.

కంకర బాట పక్కన ఒక బర్చ్ చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయి ఉంది. వేళ్లు లేచిన గుంత అంచున నేల పొరలు విడివిడిగా కనిపించాయి: పైన చివికిన ఆకుల నల్లని పొర, దాని కింద నాలుగు వేళ్ల మందాన బూడిదరంగు ఇసుక, ఆ కింద ఉన్నట్టుండి ముదురు గోధుమరంగు, ఇంకా కిందికి ఇటుక ఎరుపు. వేలితో రుద్దితే బూడిదరంగు పొర గరగరలాడింది. గోధుమ పొర మాత్రం జిడ్డుగా అంటుకుని మరక వదిలింది.

“పైనున్న ఇసుకలోని ఇనుమే ఇక్కడికి దిగింది అక్కా,” అన్నాడు తమ్ముడు.

ఆకులు చివికేటప్పుడు ఫల్విక్, హ్యూమిక్ ఆమ్లాలు పుడతాయి. వేళ్లు, శిలీంధ్రాలు ఆక్సాలిక్, సిట్రిక్ ఆమ్లాలను వదులుతాయి. వీటి అణువుల్లో ఆమ్లగుణాన్నిచ్చే భాగాలైన కార్బాక్సిల్ సమూహాలు ఇనుము, అల్యూమినియం అయాన్లను (విద్యుదావేశం ఉన్న పరమాణువులను) రెండు మూడు వైపుల నుంచి పట్టుకోవడంతో, మామూలుగా నీటిలో సరిగా కరగని ఆ లోహాలు కరిగి వాననీటితో కిందికి జారతాయి. చింతపండుతో రాగి చెంబు తోమితే చిలుము వదలడంలోనూ ఇలాంటి పట్టే పనిచేస్తుంది. దిగేకొద్దీ ఒక్కో ఆమ్ల అణువుకు అంటుకునే లోహం పెరుగుతుంది, దాని ఆవేశం తటస్థమవుతుంది, కరిగే గుణం పోయి ఆమ్లమూ లోహమూ రెండూ కలిసికట్టుగా కింది పొరలో పేరుకుంటాయి. హిమానీనదాలు కరిగిపోయిన తరువాత గడిచిన సుమారు 14,000 ఏళ్లలో ఇక్కడి పొరలన్నీ ఇలా ఏర్పడ్డాయి. రాయలసీమ ఎర్రనేలల్లో ఇది జరగదు. అక్కడి వేడికి ఆకుచెత్త ఇంతగా పేరుకోదు, ఇనుము ఆక్సైడ్‌గా మట్టిలోనే ఉండి రంగునిస్తుంది.

వాగు నీటిని కొలిచే కాంక్రీటు కట్ట దగ్గర చాలాసేపు కూర్చున్నాం. ఆకులు, వేళ్ల నుంచి వచ్చే ఈ సేంద్రియ ఆమ్లాల పట్టులో ఉన్న అల్యూమినియం చేపలకు అంతగా హాని చేయదు. విడి అయానుగా ఉన్నదే ట్రౌట్ మొప్పలను దెబ్బతీస్తుంది, చెట్ల వేళ్లకు కాల్షియం అందకుండా అడ్డుపడుతుంది. బొగ్గు పొగలోని గంధకం ఆమ్లమై వానతో దిగిన దశాబ్దాల్లో మట్టిలోని కాల్షియం కడుక్కుపోయింది, విడి అల్యూమినియం వాగుల్లోకి చేరింది. అందుకే నీటిలో మొత్తం అల్యూమినియం ఎంతుందో చెప్పి ఊరుకునే నివేదికలు నాకు అసంపూర్ణంగా తోస్తాయి. అందులో ఎంత ఆమ్లాల పట్టులో ఉందో, ఎంత విడిగా ఉందో వేరుచేసి చెప్పితీరాలి.

పోయిన కాల్షియాన్ని మట్టికి తిరిగి ఇవ్వడానికి ఇక్కడి ఒక చిన్న వాగు పరీవాహక ప్రాంతంపై 1999లో హెలికాప్టరుతో కాల్షియం సిలికేట్ గుళికలు చల్లారు. అక్కడి షుగర్ మేపుల్ చెట్లు తేరుకున్నాయి. స్వచ్ఛమైన గాలి చట్టానికి 1990లో చేసిన సవరణల తరువాత వానలో గంధకం తగ్గి, వాగుల్లో విడి అల్యూమినియం కూడా తగ్గుతూ వచ్చింది. అదే కాలంలో ఈశాన్య అమెరికాలోని చాలా సరస్సుల్లో కరిగిన సేంద్రియ కర్బనం (చివికిన ఆకుల ఆమ్లాలు ఇందులోవే) పెరిగింది, దానితో నీటికి గోధుమ ఛాయ వచ్చింది. ఆ ఛాయను చూసి నీరు చెడిందనుకునేవారు ఉంటారు గానీ, మిగిలిన అల్యూమినియాన్ని పట్టి ఉంచేది ఆ రంగునిచ్చే ఆమ్లాలే.