జీపు కింగ్‌పిన్ పై బేరింగుకు గ్రీజు దారి

మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడం మానేయడంతో, మా పాత ఫోర్‌వీల్ జీపు ముందు ఇరుసును ఈ మధ్య విజయవాడ ఆటోనగర్‌లో విప్పించాను. చక్రాన్ని మోస్తూ దానితోపాటు మలుపు తిరిగే గోళాకారపు గుల్ల అయిన నకిల్‌లో, ఆ మలుపుకు కీలులా ఉండే కింగ్‌పిన్‌కు పైన ఒకటి, కింద ఒకటి టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి. పక్క ప్లగ్గు నుంచి ఎక్కించిన గ్రీజు కిందికి దిగి కింది బేరింగును ముంచుతుంది గాని, పైదానికి అందేది చక్రాన్ని తిప్పే లోపలి జాయింటు తిరుగుతూ ఎగజిమ్మినంత మాత్రమే. అందునా ఈ బేరింగు పూర్తి చుట్టు తిరగదు. కొద్ది మేర అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, గ్రీజు పక్కకు తప్పుకున్నాక రోలర్లు ఒకేచోట నొక్కుతూ అవి దొర్లే ఉక్కు రింగు అయిన రేసు మీద గాట్లు పెడతాయి. మా పై బేరింగు అచ్చం అలాగే ఉంది, కిందిది నిగనిగలాడుతోంది.

మేస్త్రీ గారు పై మూతను విప్పి, లోహపు పొట్టు లోపల పడకుండా బల్ల మీదే తొలిచి, గ్రీజు నేరుగా బేరింగు పైభాగానికి చేరేలా నిపుల్ (గ్రీజు గన్ను పెట్టే ముక్కు) బిగించారు. కొత్త బేరింగులో గ్రీజును అరచేతితో దట్టించి, బిగువు సరిచేసే పలుచని రేకులైన షిమ్‌లు అమర్చి, సీలు వేయకముందే స్ప్రింగు తక్కెడతో లాగి బిగువు సరిచూశారు. నకిల్‌లో గేర్ ఆయిల్ పోయమని కొందరన్నారు. పాత సీళ్లు దాన్ని నిలపలేవు కనుక, నేను 00 గ్రేడు జారుడు గ్రీజునే ఎంచుకున్నాను. ఇకమీదట వాగు దాటిన ప్రతిసారీ ఆ నిపుల్‌కు గన్ను పెట్టి, సీలు పెదవి చిట్లకుండా నెమ్మదిగా నొక్కాలి.