చదరపు అడుగు 1,900 సరే, మరి బోరు?

ఇల్లు కడుతున్నామని తెలిస్తే చాలు, ఎవరైనా మొదట అడిగేది "అడుగు ఎంతకు మాట్లాడుకున్నారు?" అనే. నేనూ అదొక్కటే అడిగి మోసపోయా. మోసం అనడం కూడా తప్పే, మేస్త్రీ అబద్ధమేమీ చెప్పలేదు, నేనే అడగాల్సింది అడగలేదు.

మాది తిరుచానూరు వైపు 36 అంకణాల స్థలం (మా తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరోళ్లకు 72, బంధువులకు చెప్పేటప్పుడు జాగ్రత్త). 950 అడుగుల ఇల్లు, అడుగు 1,900, మెటీరియల్‌తో సహా. లెక్కేస్తే 18 లక్షల 5 వేలు. ఇంకో లక్ష అటూ ఇటూ అనుకుని, ఉగాదికి పాలు పొంగిస్తామని ఇంట్లో ధీమాగా చెప్పేశా. చివరికి తేలింది 28.

మా స్థలం రోడ్డు కన్నా పల్లం. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో పారిన నీళ్లు చూసినవాణ్ణి కదా, బేస్‌మెంట్ ఇంకా లేపమన్నా. "రెండడుగుల దాకే మన రేటన్నా, ఆపైన వేరే" అన్నాడు మేస్త్రీ. 30 ట్రాక్టర్ల గ్రావెల్ పట్టింది. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, అల్మారా తలుపులు, ఇవేవీ రేటులో లేవు.

అసలు దెబ్బ బోరు. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని స్థలమంతా తిరిగి, అది నిటారుగా లేచిన చోట గుర్తు పెట్టాడు. 650 అడుగులు దింపినా తెల్లటి దుమ్మే. నీళ్లు పడగానే చల్లుదామని మా అమ్మ పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని పొద్దుగూకేదాకా నిలబడే ఉంది, చీరంతా రాతిపొడి. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందని బండి వచ్చాకే తెలిసింది నాకు. రెండో చోట 820 అడుగుల్లో ఒకటిన్నర అంగుళం నీళ్లు పడ్డాయి. కేసింగ్, మోటారు, కేబులు అన్నీ కలిపి 3 లక్షలు భూమిలోకే. ఈలోపు గోడల క్యూరింగ్‌కు, అంటే రోజూ తడపడానికి, నీళ్ల ట్యాంకర్లు కొనాల్సొచ్చింది, అది ఇంకో లెక్క.

ప్రహరీకి సరుకు నేనే తెచ్చుకున్నా. 2024 జులై నుంచి ఇసుక ఉచితమే, కానీ లోడింగు, లారీ బాడుగ మనవే. సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబరులో, మా గోడ లేచిపోయాక!

బ్యాంకు లోను వస్తుందిలే అని కూర్చోకండి. ముందు మన వాటా ఖర్చు పెట్టించి, ఎంత లేచిందో చూసి విడతలుగా ఇస్తారు. పని 5 నెలలు లేటైతే అటు వడ్డీ, ఇటు ఇంటి బాడుగ 9,000. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టనిది ఆ నెలల్లోనే.

అగ్రిమెంటుకు ముందు మేస్త్రీని వెంటబెట్టుకుని, గేటు వచ్చే చోటు నుంచి బాత్రూం కొళాయి దాకా నడుస్తూ "ఇది రేటులో ఉందా?" అని ఒక్కొక్కటీ అడిగి రాయించుకోండి. విసుక్కుంటాడు, పర్లేదు.

మా ప్రహరీకి బయటివైపు పూత ఇంకా బాకీనే.